నొప్పితో బ్రతికిన అల్ఫోన్సమ్మ



మీ ఇంట్లో నొప్పితో బ్రతుకుతున్న మనిషి ఒకరైనా ఉన్నారా? నాలుగు రోజులు జ్వరంతో పడుకొని లేచేవారి సంగతి కాదు నేను అడుగుతున్నది. నెలలు దాటినా, ఏళ్ళు దాటినా నడుములోనో మెడలోనో మోకాళ్ళలోనో నొప్పి తిష్ఠ వేసుకొని కూర్చున్న మనిషి గురించి అడుగుతున్నాను. మానేరుకు ఈవల తంగళ్ళపల్లిలోనైనా, ఆవల సిరిసిల్లలోనైనా ఈ ప్రశ్నకు లేరు అని చెప్పగల ఇల్లు తక్కువ. సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడి నడుము పోగొట్టుకున్న నాయన ఒక ఇంట్లో. ఒడిలో చాట పెట్టుకొని ఇరవై ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి, మెడ తిప్పలేకపోతున్న అవ్వ ఇంకొక ఇంట్లో. గల్ఫుకు పోయి బరువులు మోసి, వెన్ను దెబ్బతిని, అప్పుతో తిరిగివచ్చిన కొడుకు వేరొక ఇంట్లో.

నొప్పి మూడు నెలలకు మించి ఉండిపోతే, లేదా పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వస్తుంటే, వైద్యులు దానిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల పట్టికలో, 2022 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పులో, అది వేరే జబ్బుకు గుర్తుగానే కాక తానే ఒక జబ్బుగా కూడా చోటు సంపాదించుకుంది. అయితే ఈ వారం నేను చెప్పదలచినది దాని వెనుకనే వచ్చే ఇంకొక నష్టం గురించి. ఏళ్ళ తరబడి నొప్పి పడిన మనిషి ఒకనాటికి, నేనిక దేనికీ పనికిరాను అనుకోవడం మొదలుపెడతాడు. నలుగురిలోకి రావడం తగ్గిస్తాడు. పూజకు వచ్చినా చివరి వరుసలో కూర్చొని, ముందే లేచి వెళ్ళిపోతాడు. ఇంట్లో పిల్ల పెళ్ళి మాటలు జరుగుతుంటే, నన్నెందుకు అడుగుతారులే అని ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. నడుము పోవడంకన్నా ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం. పనికిరానన్న తలంపు ఒక మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో సిరిసిల్ల ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. నేతపని వారి ఇండ్లలో అప్పుల వల్ల, పని లేమి వల్ల పోయిన ప్రాణాలను ఈ ప్రాంతం మరచిపోలేదు.

ఈ నష్టం ఎలా జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఒక జీవితాన్ని దగ్గరగా చూడాలి. ఆమె పటం మనలో చాలామంది ఇండ్లలో ఉంది. కేరళ నుండి వచ్చి మన బడులలో, ఆస్పత్రులలో సేవ చేసిన సిస్టర్లు ఆమె పేరు మనకు అలవాటు చేశారు. భరణంగానం అల్ఫోన్సమ్మ. పటంలో ఆమె ముఖం ప్రశాంతంగా ఉంటుంది. ఆ ముఖం చూసి, పునీతురాలు గదా, ఆమెకు నొప్పి తేలికగా తెలిసి ఉంటుందని మనం అనుకుంటాం. ఆమె చరిత్ర అలా చెప్పదు.

1910 ఆగస్టు 19న కొట్టాయం దగ్గరి కుడమాళూరులో, ముట్టత్తుపాడత్తు అనే పాత కుటుంబంలో ఆమె పుట్టింది. నిద్రలో ఉన్న తల్లి నడుముకు పాము చుట్టుకుందనీ, ఆ భయంతో ఎనిమిదో నెలలోనే కాన్పు అయిందనీ చెబుతారు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు అన్నకుట్టి. అయిదుగురిలో చివరి బిడ్డ. మూడు నెలలకే తల్లి కన్నుమూసింది. కొన్నేళ్ళు తాతగారింట పెరిగింది. 1917లో తొలి దివ్యసత్ప్రసాదం తీసుకుంది, అదే ఏడు తొన్నంకుళి బడిలో చేరింది. ఆ బడిలో హిందువుల పిల్లలతో ఆమెకు మంచి స్నేహం. 1920లో ముట్టుచిరలో ఉన్న తల్లి తోబుట్టువు ఇంటికి వచ్చింది. చనిపోకముందు తల్లి ఈ బిడ్డను ఆమెకే అప్పగించి పోయింది.

ఆ పెంపుడుతల్లి దైవభక్తి గలదే. కాని గట్టి మనిషి. చెప్పిన మాట చెప్పినట్టు జరగాలి. ఆ పిల్లకు గొప్ప ఇంటి సంబంధం చూడాలన్నది ఆమె పట్టుదల. పదమూడేళ్ళకే పెళ్ళి మాటలు నడిచాయి. పిల్లకేమో మఠంలో చేరాలని కోరిక. ఎంత చెప్పినా వినేవారు లేరు. అందం పోతే ఎవరూ అడగరు కదా అని, పొట్టు కాల్చిన నిప్పుల గుంటలో ఆ పిల్ల కాలు పెట్టింది. అనుకున్నదానికన్నా ఎక్కువగా కాలింది. చాలా బాధ పడింది.

ఈ సంగతి దగ్గర కాస్త ఆగుదాం. దీనిని గొప్ప త్యాగంగా ప్రసంగాలలో చెప్పడం వింటాం. నాకు ఆ వరస నచ్చదు. పదమూడేళ్ళ పిల్ల తన నోటి మాట చెల్లకపోయేసరికి ఒంటితో మాట్లాడవలసి వచ్చింది. అందులో అనుసరించవలసినది ఏమీ లేదు, పెద్దలు భయపడవలసినది మాత్రం ఉంది. మీ ఇంట్లో పిల్లలు ఈ కథ అడిగితే అలాగే చెప్పండి. నేను ఇక్కడ దీనిని ఎత్తడానికి కారణం వేరు. నొప్పితో ఉన్నవారి ధైర్యం ఎక్కడ చెదురుతుంది అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇందులోనే ఉంది. తన గురించి తాను చెప్పుకునే మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోనప్పుడు.

నడుము నొప్పికి బయట గుర్తు ఉండదు. కట్టు లేదు, రక్తం లేదు, ఫోటో తీయిస్తే ఎముకలన్నీ బాగానే ఉన్నాయంటారు. అప్పుడు ఇంట్లో ఒకరికి అనుమానం వస్తుంది, నిజంగానే నొప్పా లేక పని తప్పించుకోవడమా అని. పైకి ఎవరూ అనకపోవచ్చు. కాని ఆ చూపు రోగికి తెలుస్తుంది. నొప్పి నిజమని నిరూపించుకోవడానికి మూలగడం మొదలుపెడితే, ఎప్పుడూ మూలుగుడే అంటారు. మూలగకుండా నవ్వితే, ఇప్పుడు బాగానే ఉంది గదా అంటారు. ఎటు పోయినా తప్పే. కొన్నాళ్ళకు ఆ మనిషికి తన మీద తనకే అనుమానం పుడుతుంది. నొప్పి మీద పరిశోధన చేసే వైద్యుల అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించి, నొప్పి ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని దానితోపాటే రాసిపెట్టింది. శాస్త్రం అంత వివరంగా చెప్పవలసి వచ్చిందంటే, అది ఎంత అరుదుగా జరుగుతున్నదో మీరే ఊహించండి.

మళ్ళీ అన్నకుట్టి దగ్గరకు వద్దాం. 1927 మే 24న ఆమె భరణంగానంలో ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సిస్టర్ల దగ్గర ఉండి చదువుకోవడానికి చేరింది. మరుసటి ఏడు ఆగస్టు 2న మఠజీవితానికి తొలి మెట్టు ఎక్కి, ఆనాటి పండుగ పునీత అల్ఫోన్స్ లిగోరి గారిది కాబట్టి అల్ఫోన్సా అనే పేరు తీసుకుంది. 1930 మే 19న మఠవస్త్రం ధరించింది. ఆనాడు మేత్రాణులు జేమ్స్ కాళాచేరి గారు మొదటిసారిగా భరణంగానం సందర్శనకు వచ్చి ఉన్నారు.

అక్కడి నుండి జబ్బులు. 1930 నుండి 1935 వరకు శరీరానికీ మనసుకూ కూడా కష్టకాలం. టీచరుగా వాకక్కాడు బడికి పంపారు. 1932లో ఒక్క విద్యా సంవత్సరం మాత్రమే ఆమె అక్కడ పాఠం చెప్పగలిగింది. తరువాత నిలబడి తరగతి నడిపే బలం లేకపోయింది.

ఇప్పుడు నేను చెప్పబోయేది చరిత్రకారులు ఒక వాక్యంలో దాటిపోయే సంగతి. నాకు మాత్రం ఆమె జీవితంలో ఎక్కువ నచ్చిన సంగతి అదే. టీచరు పని చేయలేని మనిషిని ఆ మఠం వారు మంచానికే పరిమితం చేయలేదు. సహాయ ఉపాధ్యాయురాలిగా ఉంచారు. గుడిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పమన్నారు. ఆమె చేతిరాత చాలా అందంగా ఉండేది కాబట్టి మఠం తరఫున వెళ్ళవలసిన ఉత్తరాలు ఆమె చేతనే రాయించారు. కూర్చొని చేసే పని. బాగున్న రోజున చేయగల పని. అయినా ఆమెకోసం ఊరికే కల్పించిన పని కాదు. ఆ ఉత్తరం వెళ్ళకపోతే మఠం పని ఆగుతుంది. ఆ తేడా గమనించండి. రోగిని సంతోషపెట్టడానికి ఇచ్చే పని వేరు, రోగి చేయకపోతే నిజంగా ఆగిపోయే పని వేరు. రోగి ఈ తేడాను క్షణంలో కనిపెడతాడు.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక సంగతి చెప్పాడు. ఒక పని నేను చేయగలను అన్న నమ్మకం మనిషికి పొగడ్తల వల్లకన్నా, ఉపదేశాల వల్లకన్నా, ఆ పనిని తాను ఒకసారి చేసి చూసుకోవడం వల్ల ఎక్కువగా కలుగుతుందట. తరువాత ఆస్ట్రేలియాలో మైఖేల్ నికోలస్ అనే మనస్తత్వ నిపుణుడు నొప్పి రోగులకోసం పది ప్రశ్నల పత్రం ఒకటి తయారు చేశాడు. అందులో నొప్పి ఎంత ఉందని అడగడు. నొప్పి ఉండగానే ఇంటి పని చేసుకోగలనన్న నమ్మకం ఎంత ఉంది, నలుగురితో కలవగలనన్న నమ్మకం ఎంత ఉంది, ఇలా అడుగుతాడు. ఒకే రకం నొప్పి ఉన్న ఇద్దరిలో, ఆ నమ్మకం ఉన్న మనిషి మంచం దిగి తిరగగలుగుతాడు. రెండో మనిషి నొప్పికి భయపడి కదలడం మానేస్తాడు. కదలక కండలు సన్నబడతాయి. అప్పుడు కొంచెం కదిలినా నొప్పి ఎక్కువవుతుంది. భయం నిజమైందనుకుంటాడు.

మన ఇండ్లలో మనం ప్రేమతో చేసే అపకారం ఇక్కడే ఉంది. నడుము పట్టేసిన అవ్వ చేతిలోంచి కోడలు చీపురు తీసుకుంటుంది, మంచిదే. బియ్యం చాట కూడా తీసుకుంటుంది. కూరగాయల లెక్క కొడుకు చూసుకుంటాడు. పొదుపు సంఘం పుస్తకం మనవరాలు పట్టుకుపోతుంది. నువ్వు కూర్చో అవ్వా, నీకెందుకు, అంటారు అందరూ. వారి మనసులో ప్రేమే ఉంది. కాని నెల తిరిగేసరికి ఆ అవ్వ ఆ ఇంట్లో అతిథి అయిపోతుంది. నిన్నటిదాకా ఆ ఇల్లు నడిపిన మనిషి. చీపురు తీసుకోండి, లెక్కల పుస్తకం మాత్రం ఆమె దగ్గరే ఉండనివ్వండి.

దీనికి అవతలి వైపు కూడా ఒక గొయ్యి ఉంది. నొప్పి తగ్గిన రోజున, ఇన్నాళ్ళ బాకీ అంతా ఇవాళే తీర్చాలని బట్టలన్నీ ఉతికి, ఇల్లంతా అలికి, మరునాడు లేవలేక, మూడు రోజులు మంచం పట్టేవారు ఉన్నారు. మంచి రోజు ఇలా మోసం చేస్తుంది. నొప్పి వచ్చాక ఆపడం కాదు, రాకముందే కొంచెం పనికి కొంచెం విశ్రాంతి కలుపుకోవాలి. ఇది సోమరితనం కాదని ఇంట్లో వారు ఒప్పుకుంటే తప్ప రోగి ఆ పని చేయలేడు.

మఠం కథలో అంతా చల్లగా జరిగిందని కాదు. 1934లో వారి మఠంలో సభ చట్టం ప్రకారం నొవిషియేట్ శిక్షణ ప్రవేశపెట్టారు. వెంటనే చేరాలని అల్ఫోన్సా ఆశించింది. ఆరోగ్యం చాలదని ఆపారు. 1935 ఆగస్టు 12న గాని చేర్చుకోలేదు. మఠాధికారులకు వారి బాధ్యత ఉంది, వారిని నేను తప్పు పట్టను. కాని ఎదురుచూసే మనిషి వైపు నుండి ఆలోచించండి. నా కోరిక నిజమైనదే, నా ప్రార్థన నిజమైనదే, అయినా నా ఒంటిని చూసి నన్ను నిర్ణయిస్తున్నారు. డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళి వెన్ను పరీక్షలో పోయిన యువకుడికీ, కాలి నొప్పి సంగతి బయటపడి సంబంధం తప్పిపోయిన ఆడపిల్లకూ ఈ మాట అర్థమవుతుంది.

చేరిన వారానికే ముక్కు నుండి, కళ్ళ నుండి రక్తం కారింది. మనిషి చిక్కి శల్యమైంది. కాళ్ళ మీద చీము పట్టిన పుండ్లు. ఇక బ్రతకదనుకున్నారు. అప్పుడు ఫాదర్ కురియాకోస్ ఏలియాస్ చావర గారి వేడుదలతో నవదిన ప్రార్థన చేశారు. ఆ రోజులలోనే జబ్బు ఒక్కసారిగా నెమ్మదించింది. 1936 ఆగస్టు 12న ఆమె నిత్య మాటపట్టు చేసింది. ఆ చావర గారు 1871లో చనిపోయిన గురువు. 2014లో పునీతుల వరుసలో చేరారు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే బాగుండేదని ఎవరికైనా అనిపిస్తుంది. స్వస్థత దొరికింది, మాటపట్టు జరిగింది. కాని మూడేళ్ళు తిరగకముందే, 1939 జూన్ 14న తీవ్రమైన న్యుమోనియా వచ్చి ఆమెను మళ్ళీ పడగొట్టింది. ఆ తరువాత పూర్తి ఆరోగ్యం ఆమెకు దొరకనే లేదు.

ఈ భాగాన్ని మన విచారణలలో గట్టిగా చదవాలని నా కోరిక. స్వస్థత ప్రార్థనలకు వెళ్ళి వచ్చిన ఒకరికి నొప్పి తగ్గుతుంది. దేవునికి వందనాలు చెబుతాం. సాక్ష్యం చెప్పిస్తాం. ఆరు నెలలకు నొప్పి తిరిగివస్తుంది. అప్పుడు ఆ మనిషి ఆ సంగతి ఎవరికీ చెప్పలేడు. చెబితే విశ్వాసం తగ్గిందంటారు, ఏదో పాపం చేసి ఉంటాడంటారు. నొప్పి ఒకటి, దాని మీద ఈ నింద ఒకటి. పుండు మీద కారం అంటే ఇదే. నవదిన ప్రార్థనలో స్వస్థత పొందిన అల్ఫోన్సమ్మకు జబ్బు తిరిగివచ్చింది. ఆమె విశ్వాసం తగ్గిందని తిరుసభ అనలేదు. ఆ తిరిగివచ్చిన జబ్బుతోనే మరో ఏడేళ్ళు బ్రతికిన మనిషిని బలిపీఠం మీద నిలబెట్టింది. ఇది తెలిసిన తరువాత కూడా ఒక రోగిని విశ్వాసం చాలదని వేలెత్తి చూపితే అది మన అజ్ఞానం.

1940 అక్టోబరు 18 అర్ధరాత్రి ఒక దొంగ ఆమె గదిలో జొరబడ్డాడు. ఆ భయానికి ఆమె జ్ఞాపకశక్తి పోయింది. ఒళ్ళు మరింత కుంగింది. నెలల తరబడి అదే స్థితి. 1941 సెప్టెంబరు 29న అవస్థాభ్యంగనం ఇచ్చారు. మరునాడు జ్ఞాపకం తిరిగివచ్చిందని చరిత్ర చెబుతుంది, ఆరోగ్యం మాత్రం పూర్తిగా రాలేదు. భయం ఒంటిని ఎంత పట్టగలదో చూడండి. సెమినారీలో మేము చదువుకున్న తత్వశాస్త్రంలో డెకార్ట్ అనే ఫ్రెంచి పండితుడు శరీరాన్ని ఒక యంత్రంగా, మనసును వేరే పదార్థంగా విడదీశాడు. పరీక్షకు చదవడానికి బాగానే ఉండేది. నొప్పి రోగి పక్కన కూర్చుంటే ఆ విభజన నిలవదు. పునీత తోమాస్ అక్వీనాస్ గారు ఆత్మ, శరీరం కలిసి ఒకే మనిషి అన్నారు. మంచం పక్కన కూర్చున్నవారికి ఆయన మాటే నిజమనిపిస్తుంది.

ఆయన మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనం ఆత్మవిశ్వాసం అంటున్నామే, అందులో విశ్వాసం అన్న మాట ఉంది చూడండి. లాటిను భాషలోనూ అంతే. ధైర్యంగా నమ్మి ఉండడం అనే మాట, విశ్వాసం అనే మాట నుండే పుట్టింది. అక్వీనాస్ గారు ఈ సంగతి పట్టుకొని, ఈ ధైర్యం మనిషికి ముఖ్యంగా తనకు తోడుంటానన్నవారి మాటను నమ్మడం వల్ల వస్తుందన్నారు. తనలో తాను చూసుకున్న బలం వల్ల కూడా రావచ్చన్నారు. తన ఆరోగ్యం చూసుకొని చాలాకాలం బ్రతుకుతాననుకునే మనిషిని ఉదాహరణగా చూపారు. నొప్పి రోగికి ఈ రెండో ఆధారం విరిగిపోయింది. తన ఒంటిని చూసుకుంటే ధైర్యం రాదు, ఉన్నది పోతుంది. ఇక మిగిలింది మొదటిదే, ఇంకొకరి మాట. అందుచేత రోగికి ఆత్మవిశ్వాసం లేదని ఇంట్లో వారు ఫిర్యాదు చేసినప్పుడు, ఆ లోటు రోగిలో ఎంత ఉందో, ఇంట్లో ఎంత ఉందో నాకు వెంటనే తోచదు.

1945లో ఆమె జబ్బు ముదిరింది. కడుపు, కాలేయం దెబ్బతిన్నాయి. చివరి ఏడు రోజుకు నలభైసార్ల దాకా వాంతులయ్యేవని రాశారు. ఒళ్ళంతా కొంకర్లు పోయేది. 1946 జులై 28 ఆదివారం నాడు భరణంగానం మఠంలో ఆమె కన్నుమూసింది. ముప్పై ఆరు నిండలేదు.

ఆమె తన నొప్పిని క్రీస్తు శ్రమలతో కలిపి అర్పించింది. అది ఆమె స్వేచ్ఛగా చేసిన అర్పణ. ఇంకొకరి నొప్పిని మనం అర్పించలేం. ఓర్చుకో, అల్ఫోన్సమ్మ ఓర్చుకోలేదా అని మంచం మీది మనిషికి చెప్పడం, మందు తేవడానికి బద్ధకించినవారి మాట. 1984 ఫిబ్రవరి 11న రెండవ జాన్‌పాల్ జగద్గురువులు మానవ బాధ గురించి ఒక లేఖ రాశారు. అందులో క్రీస్తు సిలువ గురించి ఎంతో చెప్పి, చివరకు మంచి సమరయుని కథ దగ్గరకు వచ్చారు. బాధపడుతున్నవారిని చూసి పక్కకు తప్పుకొని పోకుండా ఆగడం, ఆగి సాయం చేయడం గురించి. రెండేళ్ళకు, 1986 ఫిబ్రవరి 8న, ఆయనే కొట్టాయం వచ్చి అల్ఫోన్సమ్మను ధన్యురాలిగా ప్రకటించారు.

ఆ సాయం ఎలా ఉంటుందో అదే కేరళలో చూడవచ్చు. అల్ఫోన్సమ్మ చనిపోయిన నలభై ఏడేళ్ళకు, 1993లో, కోళికోడులో కొందరు వైద్యులు, స్నేహితులు కలిసి నొప్పి ఉపశమన సంఘం ఒకటి పెట్టారు. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వారిలో ముఖ్యులు. తరువాత అది ఊళ్ళకు పాకింది. ఊళ్ళోవారే కొంత శిక్షణ పొంది, వారానికి ఇంతసేపని పెట్టుకొని, మంచం పట్టినవారి ఇండ్లకు వెళ్ళడం మొదలుపెట్టారు. నర్సు పుండు కడుగుతుంది, మందు చూస్తుంది. తోడు వెళ్ళినవారు కూర్చొని మాట్లాడతారు. మన హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనూ, తెలంగాణలోని కొన్ని జిల్లా ఆస్పత్రులలోనూ పాలియేటివ్ కేర్ పేరుతో ఇటువంటి విభాగాలు వచ్చాయి. క్యాన్సర్ వంటి పెద్ద జబ్బుల నొప్పితో ఇంట్లో ఎవరైనా ఉంటే అక్కడ అడగండి. నడుము నొప్పికి, మెడ నొప్పికి అయితే ఎముకల డాక్టరును, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ వారిని చూడండి. నొప్పి లేచినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గరకు పోయి సూది వేయించుకోవడం, మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగడం మంచిది కాదు. ఆ బిళ్ళలు కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి.

విచారణలో రోగులను చూడబోయేవారికి ఒక మాట. వెళ్ళగానే ఎలా ఉంది అని అడుగుతాం. రోజూ అదే నొప్పి, రోజూ అదే జవాబు. ఆ మనిషికి కూడా విసుగే. దాని తరువాత ఇంకొక ప్రశ్న అడగండి, ఆ మనిషికి తెలిసిన పని గురించి. పోగు తెగితే ముడి ఎలా వేసేవారు, ఫలానా రంగు నూలు ఎక్కడి నుండి వచ్చేది, మీ కాలంలో తంగళ్ళపల్లి నుండి వాగు దాటి సిరిసిల్లకు ఎలా పోయేవారు. ఇంటి విషయంలో సలహా అడగండి. మీ బిడ్డ పరీక్షకోసం ప్రార్థన చేయమని పని అప్పగించండి, ఫలితం వచ్చాక మరచిపోకుండా వెళ్ళి చెప్పండి. ఇచ్చేవారిగా ఉన్నప్పుడు మనిషి నిటారుగా కూర్చుంటాడు, నడుము నొప్పి ఉన్నా సరే.

భరణంగానంలో ఆమె అంత్యక్రియలకు పెద్ద జనం రాలేదు. అప్పటికి ఆమె లోకం దృష్టిలో జబ్బుతో చనిపోయిన ఒక మఠకన్య, అంతే. ఆనాడు ప్రసంగించిన ఫాదర్ రోములుస్ మాత్రం, ఆమె ఆత్మను దగ్గరగా ఎరిగిన గురువు కాబట్టి, ఆమెను లిసియూ తెరేసమ్మతో పోల్చారు. 2008 అక్టోబరు 12న పదహారవ బెనెడిక్ట్ జగద్గురువులు రోములో ఆమెను పునీతురాలిగా ప్రకటించేసరికి అరవై రెండేళ్ళు గడిచాయి. భారతదేశంలో పుట్టిన స్త్రీలలో ఆ గౌరవం మొదట ఆమెకే దక్కింది. అంతకు ఎంతో ముందే, పెద్దలెవరికీ ఆ ఊహ రాకముందే, ఆమెతో చనువుగా ఉండిన బడిపిల్లలు ఆమె సమాధి దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టారు. పూలు పెట్టేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు, తమకు కావలసినవి ఆమెనే అడిగేవారు. వారికి ఆమె ఒకనాడూ పనికిరాని మనిషిగా కనబడలేదు.